దీర్ఘరోగంతో చదువుకొనే పిల్లలకు దివ్యాంగ సదుపాయాలు: సరిహద్దు గ్రామాల కుటుంబాలు తెలుసుకొనవలసిన విషయాలు

వికలాంగులు అన్న మాట వినగానే మన పల్లెలలో ఊతకర్ర, మూడు చక్రాల బండి, నల్ల కళ్లద్దాలు కళ్ల ముందు మెదులుతాయి. ఒళ్లు నొప్పులతో వారాల తరబడి మంచం దిగలేని పిల్లను, రెండు మూడు వారాలకొకమారు రక్తం ఎక్కించుకొనవలసిన పిల్లవాడిని ఆ కోవలో ఎవరూ చేర్చరు. వారు నడుస్తారు, చూస్తారు, వింటారు. బడికి వచ్చిన రోజున తోటివారితో సమానంగానే కనపడతారు. రాని రోజులు మాత్రం హాజరు పట్టికలో గైర్హాజరుగా మిగిలిపోతాయి. ఏడాది చివర పరీక్షకు అర్హత లేదన్న మాట వినవలసి వచ్చినప్పుడు గాని ఇంటివారికి సంగతి బోధపడదు.

చట్టం మాత్రం ఇటువంటి పిల్లలలో కొందరిని దివ్యాంగులుగానే గుర్తించింది. 1995 నాటి చట్టంలో వైకల్యాలు ఏడు మాత్రమే ఉండేవి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చిన తరువాత అవి 21కి పెరిగినవి. కంటికి కనపడని జబ్బులు కొన్ని అప్పుడే మొదటిసారిగా పట్టికలో చేరినవి.

రాష్ట్రాల హద్దున నివసించే కుటుంబాలు మొదటగా గ్రహించవలసిన భేదం ఒకటి ఉన్నది. దివ్యాంగ ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. పింఛను వంటి నగదు సాయం కాపురమున్న రాష్ట్రం ఇస్తుంది. పరీక్షలోని వెసులుబాటు ఆ పరీక్షను జరిపే బోర్డు ఇస్తుంది. వైద్యం ఒక రాష్ట్రంలో, కాపురం మరొక రాష్ట్రంలో, చదువు ఇంకొక బోర్డులో సాగించే మన కుటుంబాలు ఈ మూడింటిని కలగలిపి, ఒకచోట కాదన్నారని మూడుచోట్లా వదులుకొనుట తరచుగా జరుగుతున్నది.

జబ్బు పేరా, జబ్బు మిగిల్చిన లోటా?

చట్టపు పట్టికలో పేరుతో సహా చేరిన రక్త సంబంధ వ్యాధులు మూడు: హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్ వ్యాధి. నరాల జబ్బులలో మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ వ్యాధుల పేర్లు ఉన్నవి. కండరాల క్షీణత వేరుగా ఉన్నది. మానసిక అనారోగ్యం కూడా ఉన్నది. పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో దీనికి ధ్రువపత్రం అడుగుటకే మన వారు వెనుకాడతారు.

పట్టికలో పేరు లేని జబ్బులు మరికొన్ని. మూత్రపిండాల వ్యాధి, గుండె జబ్బు, చిన్ననాటి మధుమేహం, ఉబ్బసం, మూర్ఛ, కాన్సరు. ఇవి ఎంత తీవ్రమైనవైనా, కేవలం జబ్బు ఉన్నదన్న కారణంతో ధ్రువపత్రం రాదు. అయితే ఆ జబ్బు శరీరంలో శాశ్వతమైన లోటు మిగిల్చినచో ఆ లోటును కొలుస్తారు. చిన్ననాటి కీళ్లవాతంతో మోకాళ్లు ముడుచుకొనిపోయిన పిల్లవాడికి చలన వైకల్యం కింద, మధుమేహం వలన చూపు మందగించిన పిల్లకు దృష్టి లోపం కింద, వెన్నెముక క్షయతో కాళ్లు పడిపోయిన వారికి మరల చలన వైకల్యం కింద శాతం నిర్ణయిస్తారు. కనుక ఆసుపత్రికి పోయి జబ్బు పేరు ఒక్కటే చెప్పి ఊరుకొనరాదు. పిల్లవాడు ఏమి చేయలేకపోతున్నాడో వైద్యునికి వివరంగా చెప్పవలెను.

40 శాతం అన్న అంకె ఈ విషయంలో గడప వంటిది. 40 శాతానికి తగ్గకుండా ఉన్నవారికే ఉపకార వేతనాలు, కళాశాల సీట్లలో రిజర్వేషను, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషను వర్తిస్తాయి. 6 నుండి 18 ఏళ్ల వరకు దగ్గరి పాఠశాలలో గాని, కోరుకొన్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్యకు హక్కు కూడా ఈ 40 శాతం వారిదే. అంతకు తక్కువ వచ్చినంత మాత్రాన ధ్రువపత్రం పనికిరానిది కాదు. తరగతిలోను, పరీక్షలోను సమంజసమైన వెసులుబాటు కోరుటకు చట్టం 40 శాతాన్ని నిబంధనగా పెట్టలేదు.

సికిల్ సెల్ వ్యాధిని కొంత వివరంగా చెప్పుకొనుట అవసరం. ఒడిశాలోని కొరాపుట్, రాయగడ ప్రాంతాలలో, ఇటు ఆంధ్ర మన్యంలో, గోదావరికి ఆవల గడ్చిరోలి జిల్లాలో, తెలంగాణలోని ఆదిలాబాదు అడవులలో ఇది తరతరాలుగా ఉన్నది. తల్లిదండ్రులిద్దరి నుండి లోపం సంక్రమిస్తే బిడ్డకు వ్యాధి వస్తుంది. ఒకరి నుండే వస్తే ఆ బిడ్డ వాహకుడు మాత్రమే అవుతాడు. వాహకునికి సాధారణంగా ఏ బాధా ఉండదు, వైకల్య శాతమూ రాదు. రక్త పరీక్ష కాగితం మీద ఈ రెండింటిలో ఏది వ్రాసి ఉన్నదో చదివించుకొనకుండానే చాలామంది క్యాంపుకు పోయి తిరిగి వస్తుంటారు.

2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించి గిరిజన ప్రాంతాలలో 40 ఏళ్ల లోపు వారికి రక్త పరీక్షలు చేయించినది. అప్పుడిచ్చిన కార్డు పరీక్షా ఫలితాన్ని తెలుపుతుంది, అంతే. అది దివ్యాంగ ధ్రువపత్రం కాదు. ఆ కార్డు చూపి ఉపకార వేతనానికి దరఖాస్తు చేసిన పిల్లలకు తిరస్కారమే ఎదురవుతుంది.

వ్యాధి నిర్ధారణ అయినవారికి శాతం నిర్ణయించుటకు వైద్యులు రోగ చరిత్రను చూస్తారు. ఎన్నిమార్లు తీవ్రమైన నొప్పి వచ్చినది, ఎన్నిమార్లు ఆసుపత్రిలో చేర్చినారు, రక్తం ఎక్కించినారా, తుంటి ఎముకలు, ఊపిరితిత్తులు, మెదడు వంటివి దెబ్బతిన్నవా అన్నవి చూడవలసినవి. ఇక్కడనే మన పల్లెల అలవాటు పిల్లలకు అన్యాయం చేస్తున్నది. రాత్రివేళ నొప్పి వస్తే ఊరి ఆర్.ఎం.పి. వైద్యుడు వచ్చి సూది వేసి పోతాడు. చీటీ ఉండదు. పదిమార్లు నొప్పి వచ్చినను కాగితం మీద ఒక్కమారైనా వచ్చినట్లు ఉండదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఎంత దూరమైనను నొప్పి తగ్గిన మరునాడైనా పోయి ఓ.పి. చీటీలో వ్రాయించుకొనుట, డిశ్చార్జి కాగితాలను, రక్తం ఎక్కించిన తేదీలను ఒక సంచిలో పోగుచేసి ఉంచుకొనుట తల్లిదండ్రులు చేయగలిగిన పనులలో అన్నింటికంటె విలువైనది.

ఉద్దానం సంగతి వేరు. శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి మండలాల పరిసరాలలో మూత్రపిండాల వ్యాధి ఎంతగా ఉన్నదో అందరికీ తెలిసినదే. పైన చెప్పినట్లు ఈ జబ్బు 21లో లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాత్రం దివ్యాంగ ధ్రువపత్రంతో సంబంధం లేకుండా డయాలసిస్ రోగులకు వేరుగా పింఛను ఇస్తున్నది. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో కాపురమున్న కుటుంబం పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రికి వైద్యానికి రావచ్చును. ఆ పింఛను మాత్రం ఆంధ్రలో నివాసమున్నవారిదే.

ధ్రువపత్రం ఏ రాష్ట్రపు ఆసుపత్రిలో?

2021 జూన్ 1 నుండి దివ్యాంగ ధ్రువపత్రాలన్నీ కేంద్ర ప్రభుత్వపు స్వావలంబన్ కార్డు పోర్టల్ ద్వారానే ఇవ్వవలెనన్న నియమం వచ్చినది. ధ్రువపత్రంతో పాటు యు.డి.ఐ.డి. అనే గుర్తింపు కార్డు వస్తుంది. దరఖాస్తుకు ఫోటో, ఆధారు, నివాస రుజువు కావలెను. మైనరు పిల్లల తరఫున తల్లిదండ్రులు గాని, సంరక్షకులు గాని దరఖాస్తు చేయవచ్చును. ఇంట్లో ఇంటర్నెట్టు లేనివారికి ఆంధ్రలో గ్రామ సచివాలయం, తెలంగాణలో మీసేవ, తమిళనాట ఇ-సేవై కేంద్రం, ఒడిశాలో మో సేవా కేంద్రం ఉన్నవి. కర్ణాటకలో గ్రామ పంచాయతీకి అనుబంధంగా పనిచేసే గ్రామ పునర్వసతి కార్యకర్తలు ఇందుకు సాయపడతారు. ఆంధ్ర, తెలంగాణలలో వైద్య పరీక్ష జరిగే శిబిరాన్ని జనం ఇప్పటికీ సదరం క్యాంపు అనే పిలుస్తారు.

సరిహద్దు వారికి ఉపయోగపడే నియమం 2017 నాటి నిబంధనలలోనే ఉన్నది. దరఖాస్తును నివాసమున్న జిల్లాలోని వైద్యాధికారికి పంపవచ్చును. అట్లు కాక, ఆ వైకల్యానికి సంబంధించిన చికిత్స పొందుతున్న, లేక లోగడ పొందిన ప్రభుత్వ ఆసుపత్రిలోని వైద్యాధికారికైనా పంపవచ్చును. ఆ ఆసుపత్రి అదే రాష్ట్రంలో ఉండవలెనని నియమం చెప్పదు. యానాం పిల్లవాడు కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో, రాయగడ పిల్ల విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో, హోసూరు వారు బెంగుళూరు నిమ్హాన్స్‌లో చికిత్స పొందుట నిత్యం జరిగేదే. అనంతపురం, కర్నూలు జిల్లాల హద్దు గ్రామాల నుండి బళ్లారికి పోయేవారూ ఉన్నారు. వారందరికీ ఈ రెండవ మార్గం తెరచి ఉన్నది. అయినను కౌంటరు వద్ద "మీది వేరే రాష్ట్రం" అన్న జవాబు రావచ్చును. అప్పుడు వాదనకు దిగకుండా, అక్కడి చికిత్స కాగితాలు చూపి, చికిత్స జరిగిన ఆసుపత్రి అన్న నియమాన్ని వ్రాతపూర్వకంగా గుర్తు చేయుట మేలు. ప్రైవేటు ఆసుపత్రి కాగితాలు ఆధారంగా పనికివస్తాయి గాని ఆ ఆసుపత్రి స్వయంగా ధ్రువపత్రం ఇవ్వజాలదు.

2024 అక్టోబరులో వచ్చిన సవరణ ప్రకారం ధ్రువపత్రం జారీకి గడువు మూడు నెలలు. కార్డులకు రంగులు కూడా ఏర్పరచినారు: 40 శాతం లోపు తెలుపు, 40 నుండి 80 లోపు పసుపు, 80 శాతం ఆపైన నీలం.

ఏ కార్యాలయానికి పోవలెనో బోర్డు చదివి తెలుసుకొనుట కూడా మన వారికి చిక్కే. ఆంధ్ర, తెలంగాణలలో విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు, వికలాంగులు అన్న మూడు మాటలూ కనపడతాయి. తమిళంలో మాట్రుత్తిరనాళి, కన్నడంలో వికలచేతన, ఒడియాలో భిన్నక్షమ, మరాఠీలో దివ్యాంగ్ అని వ్రాసి ఉంటుంది. పాత బోర్డుల మీద కన్నడంలో అంగవికల, మరాఠీలో అపంగ అన్న మాటలు ఇంకను మిగిలి ఉన్నవి. అన్నీ ఒకే శాఖను సూచిస్తాయి.

ఇక పేర్ల తగాదా. ఆంధ్రలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఒడిశాలోను, మహారాష్ట్రలోను చివర వ్రాస్తారు. తమిళనాట ఇంటిపేరే లేకుండా తండ్రి పేరులోని మొదటి అక్షరంతో సరిపెడతారు. ఒకే పిల్లవాడికి ఆధారులో ఒక వరుస, బడి రికార్డులో మరొక వరుస, బ్యాంకు పాసుపుస్తకంలో ఒక్క అక్షరం ఉండుట సరిహద్దు గ్రామాలలో వింత కాదు. కంప్యూటరుకు మాత్రం వారు ముగ్గురు వేర్వేరు మనుషులు. ధ్రువపత్రానికి దరఖాస్తు చేయుటకు ముందే, బడి రికార్డులో ఉన్న పేరుకు సరిపోవునట్లు ఆధారును సరిచేయించుకొనవలెను. ధ్రువపత్రం వచ్చిన తరువాత సరిచేయించవలెనంటే నాలుగు కార్యాలయాలు తిరగవలసి వస్తుంది.

డబ్బు ఎక్కడి నుండి వస్తుంది?

చదువుకొనే పిల్లలకు కేంద్ర ప్రభుత్వపు దివ్యాంగ ఉపకార వేతనాలు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ ద్వారా లభిస్తాయి. 9, 10 తరగతులకు ఒక పథకం, 11వ తరగతి లేక ఇంటరు నుండి పోస్టుగ్రాడ్యుయేషను వరకు మరొకటి. రెండింటికీ తల్లిదండ్రుల వార్షికాదాయం రెండున్నర లక్షల రూపాయలకు మించరాదు. ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలలో చదివేవారికి వేరొక పథకం ఉన్నది. దానికి ఆదాయ పరిమితి 8 లక్షలు. 2018లో రూపొందిన నియమాల ప్రకారం 9, 10 తరగతుల వారికి ఇంటి నుండి బడికి పోయేవారికైతే నెలకు 500, హాస్టలులో ఉండేవారికి 800, పుస్తకాలకు ఏడాదికి 1,000 రూపాయలు. వైకల్యాన్ని బట్టి వార్షిక భత్యం దీనికి అదనం. సొమ్ము ఆధారుతో అనుసంధానమైన బ్యాంకు ఖాతాలో పడుతుంది.

ఇవి కేంద్ర పథకాలు కనుక పిల్లవాడు పొరుగు రాష్ట్రంలో చదివినను దరఖాస్తు చేయవచ్చును. దరఖాస్తును మొదట బడివారు పోర్టల్‌లో ధ్రువీకరించవలెను. ఇది చేయకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఇంటివారు ఏడాదంతా డబ్బు కొరకు ఎదురుచూస్తారు. దరఖాస్తు చేసిన వారం లోపల ప్రధానోపాధ్యాయుని కలసి, ధ్రువీకరణ జరిగినదో లేదో అడిగి తెలుసుకొనుటకు మొహమాటపడరాదు.

9వ తరగతికి లోపు వారికి ఈ వేతనం లేదు. ప్రభుత్వ పాఠశాలలలో సమగ్ర శిక్షా పథకం కింద ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు తలకు ఏడాదికి 3,500 రూపాయల వరకు ఖర్చు చేయుటకు ఏర్పాటున్నది. ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలలు ప్రోత్సాహక భత్యం కలదు. బడికి రాలేనివారికి ఇంటి వద్దనే చదువు చెప్పు ఏర్పాటు కూడా ఇందులో భాగమే. ఆంధ్ర, తెలంగాణలలో మండల స్థాయి భవిత కేంద్రాలలో అడిగినచో వివరాలు తెలుస్తాయి.

పింఛన్ల దగ్గర రాష్ట్రాల హద్దు గోడ వలె నిలుస్తుంది. ఇందిరాగాంధీ పేరుతో ఉన్న జాతీయ దివ్యాంగ పింఛను 18 ఏళ్లు నిండి, 80 శాతం వైకల్యం కలిగిన పేదలకు నెలకు 300 రూపాయలు. బడి పిల్లలకు అది వర్తించదు. మిగిలినది రాష్ట్రాల ఇష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి ఎన్.టి.ఆర్. భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000; తలసేమియా, సికిల్ సెల్, తీవ్రమైన హీమోఫీలియా రోగులకు 10,000 రూపాయలు. తెలంగాణలో దివ్యాంగ పింఛను 2023 జూలైలో 4,016కు పెరిగినది. తమిళనాట తీవ్ర వైకల్యం గలవారికి ఇచ్చే పోషణ భత్యం 2023 జనవరి నుండి 2,000. ఒడిశాలో మధుబాబు పింఛను, కర్ణాటకలో నాడకచేరిలో దరఖాస్తు చేసే అంగవికల వేతనం, మహారాష్ట్రలో తహసీలు కార్యాలయం చూసే సంజయ్ గాంధీ నిరాధార్ అనుదాన్ యోజన ఉన్నవి. వీటి మొత్తాలు, కనీస శాతాలు ఒకదానితో ఒకటి పొంతన లేనివి. యానాం వారికి ఇచ్చేది పుదుచ్చేరి ప్రభుత్వం. చుట్టూ ఆంధ్రనే ఉన్నను ఆంధ్ర పింఛను వారికి రాదు.

ఈ తేడాలను చూసి, ఆవలి ఊరిలోని మేనమామ ఇంటి చిరునామాకు పిల్ల ఆధారును మార్పించి ఎక్కువ పింఛను తీసికొనవలెనన్న ఆలోచన కొందరికి రావచ్చును. ఇది ప్రమాదకరం. లేని నివాసం చూపి తీసికొన్న పింఛను తనిఖీలో ఆగిపోతుంది, తీసికొన్నది తిరిగి కట్టమని అడగవచ్చును. మోసపూరితంగా దివ్యాంగ ప్రయోజనాలు పొందితే రెండేళ్ల వరకు జైలు, లేక లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించుటకు 2016 చట్టంలోనే సెక్షను ఉన్నది. అంతకంటె పెద్ద నష్టం మరొకటి: చిరునామా మారిన పిల్ల స్వరాష్ట్రంలోని కళాశాల ప్రవేశాలలో స్థానికత నిరూపించుకొనలేకపోవచ్చును.

రైలు చార్జీలలో రాయితీకి మాత్రం ఏ రాష్ట్రమన్న పేచీ లేదు. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, మూత్రపిండాల రోగులు వైద్యానికి ప్రయాణించునప్పుడు ఆసుపత్రివారు రైల్వే నమూనాలో ఇచ్చిన పత్రం చూపి రాయితీ పొందవచ్చును. బస్సు పాసులు ఏ రాష్ట్రపు ఆర్.టి.సి. నియమాలు దానివే.

పరీక్ష, హాజరు, భాష

పిల్లవాడి భవిష్యత్తుకు పింఛను కంటె ఇది ముఖ్యం. పరీక్షలో అదనపు సమయం, వ్రాసిపెట్టే సహాయకుడు, రెండవ మూడవ భాషల నుండి మినహాయింపు వంటి మార్పులకు ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు చర్యలు తీసికొనవలెనని 2016 చట్టంలోని 17వ సెక్షను చెబుతున్నది. సహాయకునికి అర్హులైనవారికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వవలెనని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలలో ఉన్నది. 40 శాతం లేనివారికి ఇవన్నీ లేవన్న అభిప్రాయాన్ని సుప్రీం కోర్టు 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో త్రోసిపుచ్చినది. చేతి కండరాలు బిగుసుకొనే వ్యాధి గల అభ్యర్థికి, వ్రాయుటలో నిజమైన ఇబ్బంది ఉన్నప్పుడు, శాతంతో నిమిత్తం లేకుండా సహాయకుని ఇవ్వవలసినదేనని తీర్పు. 2022 ఆగస్టులో కేంద్రం 40 శాతం లోపు వారికి వేరుగా మార్గదర్శకాలు విడుదల చేసినది; వాటి ప్రకారం నిర్ణీత నమూనాలో ప్రభుత్వ వైద్యుల ధ్రువీకరణ కావలెను. బోర్డు పరీక్షలకు ఆయా బోర్డుల ఉత్తర్వులు, ప్రవేశ పరీక్షలకు వాటి ప్రకటనలు చూసుకొనవలెను. యానాంలో ఉదాహరణకు, లోగడ ఆంధ్రప్రదేశ్ బోర్డు పరీక్షలు వ్రాసేవారు. 2023-24 నుండి పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలలు సి.బి.ఎస్.ఇ.కి మారినందున అన్నయ్య పొందిన వెసులుబాటు పద్ధతి తమ్మునికి పనికిరాదు.

సికిల్ సెల్ పిల్లలకు నిజంగా కావలసినవి డబ్బు ఖర్చు లేని సదుపాయాలు. చలి, దాహం, అధిక శ్రమ నొప్పిని రప్పిస్తాయి. కనుక తరగతిలోను పరీక్ష గదిలోను నీళ్ల సీసా దగ్గర ఉంచుకొననిచ్చుట, అడిగినప్పుడు మరుగుదొడ్డికి పంపుట, ఆటల పీరియడులో పరుగుల నుండి మినహాయించుట, చలికాలపు ఉదయం ప్రార్థనలో ఉన్ని స్వెట్టరుకు అభ్యంతరం చెప్పకుండుట చాలును. చిన్ననాటి మధుమేహం ఉన్న పిల్లలకు జబ్బు పట్టికలో లేకపోయినను సి.బి.ఎస్.ఇ. 2017 నుండి బోర్డు పరీక్షలలో చక్కెర మాత్రలు, పండ్లు వంటివి వెంట తీసికొనిపోనిస్తున్నది. ఇటువంటివి నోటిమాటగా అడిగితే ఈ ఏటి ఉపాధ్యాయుడు ఒప్పుకొనును, వచ్చే ఏటి ఉపాధ్యాయుడు మరచిపోవును. డాక్టరు చీటీ జతచేసి ప్రధానోపాధ్యాయునికి జూన్‌లోనే ఒక వినతిపత్రం ఇచ్చి, నకలు మీద బడి ముద్ర వేయించుకొనుట మంచిది.

హాజరు విషయంలోనూ ఇదే పద్ధతి. సి.బి.ఎస్.ఇ. 75 శాతం హాజరు కోరుతుంది. జబ్బు కారణంగా తగ్గినవారికి కాగితాలు చూసి మినహాయింపు ఇచ్చే అధికారం బోర్డుకు ఉన్నది. రాష్ట్ర బోర్డులకూ ఇటువంటి నియమాలున్నవి. ఏడాది చివర పది నెలల చీటీలు ఒక్కసారిగా తెచ్చేకంటె, ఏ సెలవుకు ఆ సెలవు చీటీ అప్పటికప్పుడే బడిలో ఇచ్చినచో అనుమానానికి తావుండదు.

భాషా మినహాయింపు గురించి మాత్రం సరిహద్దు తెలుగువారు నిదానించి ఆలోచించవలెను. తెలుగు మాధ్యమంలో చదువుతూ కన్నడమో, ఒడియానో, తమిళమో, దాని మీద హిందీ, ఇంగ్లీషు నేర్చుకొనే పిల్లవాడు జబ్బు పడితే, ఒక భాష తగ్గించుట గొప్ప ఊరటగా తోస్తుంది. అయితే వదులుకొన్నది రాష్ట్ర భాష అయినచో రేపు ఆ రాష్ట్రపు ఉద్యోగ పరీక్షలలో అది అడ్డు రావచ్చును. ఒడిశా ప్రభుత్వోద్యోగాలకు ఒడియా చదువుట, వ్రాయుట రావలెను, మిడిల్ స్థాయిలో ఒడియా ఉత్తీర్ణత చూపవలెను. తమిళనాడు సర్వీసు కమిషను 2021 డిసెంబరు నాటి ఉత్తర్వు తరువాత తమిళ అర్హత పరీక్షను తప్పనిసరి చేసినది. మినహాయింపు కోరదలచినచో మూడవ భాషకు కోరుట, రాష్ట్ర భాషను ఎంత కష్టమైనను నిలుపుకొనుట శ్రేయస్కరం.

ఉన్నత విద్యలో ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థలలో 5 శాతానికి తగ్గకుండా సీట్లు, వయోపరిమితిలో అయిదేళ్ల సడలింపు 40 శాతం గలవారికి ఉన్నవి.

కాదన్నప్పుడు

ధ్రువపత్రం నిరాకరించినచో కారణం వ్రాతపూర్వకంగా ఇవ్వవలసిన బాధ్యత వైద్యాధికారిది. నిర్ణయం వచ్చిన 90 రోజులలోగా రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారికి విన్నవించుకొనవచ్చును. నోటిమాటగా పంపివేస్తే అప్పీలుకు ఆధారం ఉండదు. కాగితం అడిగి తీసికొనవలెను. బడి గాని, కార్యాలయం గాని చట్టప్రకారం ఇవ్వవలసిన వెసులుబాటు ఇవ్వకపోతే ఆ రాష్ట్రపు దివ్యాంగుల కమిషనరుకు తెలుగులోనో, అక్కడి భాషలోనో తెల్లకాగితం మీద వ్రాసి పంపవచ్చును. వకీలు అవసరం లేదు.

ధ్రువపత్రం చేతికి రాగానే ఒక మూల చిన్న అక్షరాలలో ఉన్న తేదీని వెతకవలెను. మార్పు చెందగల జబ్బులకు, చిన్న పిల్లలకు తాత్కాలిక ధ్రువపత్రమే ఇస్తారు. అది ఫలానా తేదీ వరకే చెల్లుతుందని అందులో వ్రాసి ఉంటుంది. 9వ తరగతిలో తీసికొన్న పత్రం ఇంటరు మధ్యలో గడువు తీరిపోయి, ఉపకార వేతనపు పునరుద్ధరణ ఆగిపోయే అవకాశం ఉన్నది. జారీకి మూడు నెలల వరకు పట్టవచ్చును కనుక, ఆ తేదీకి నాలుగైదు నెలల ముందే తిరిగి పరీక్షకు దరఖాస్తు చేయవలెను. అప్పుడు చూపవలసినవి కూడా ఆ సంచిలోని చీటీలే.